వేట లైసెన్సుకు అసలు వెల ఎంత?

ఢిల్లీ లేఖ

భారతదేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేటను క్రమబద్ధం చేయడానికి కేంద్రప్రభుత్వం 2025 నవంబరు 4వ తేదీన ఒక నిబంధనావళిని జారీచేసింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు దాటిన పిమ్మట 200 మైళ్ళ వరకు విస్తరించిన ఈ ఆర్థిక జలాలలో వేటకు వెళ్ళదలచిన మరపడవలకూ, పెద్ద మోటారు పడవలకూ ఇకపై ‘యాక్సెస్ పాస్’ అనే అనుమతిపత్రం ఉండవలె. దానిని కంప్యూటరు ద్వారా, ఎట్టి రుసుమూ లేకుండా ఇస్తామని ప్రభుత్వం చెబుతున్నది. సంప్రదాయ మత్స్యకారులకు ఈ పాసు అక్కరలేదు. విదేశీ నౌకలకు ప్రవేశం లేదు. సహకార సంఘాలకూ, మత్స్యకారుల ఉత్పత్తిదారుల సంస్థలకూ ప్రాధాన్యం ఇస్తారు.

పైకి చూడగా ఇందులో ఆక్షేపించదగినది ఏదీ కనిపించదు. ఉచితంగా ఇచ్చే కాగితాన్ని ఎవరు కాదంటారు? కానీ రాజధానిలో మూడు దశాబ్దాలుగా శాసనాల పుట్టుపూర్వోత్తరాలను గమనిస్తున్నవాడిగా నాకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చింది. అనుమతిపత్రం విలువను దానిపై అంటించిన స్టాంపును బట్టి లెక్కకట్టరాదు. అది ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి చేతిలో ఉండదు అన్నదానిని బట్టి లెక్కకట్టవలె. కాకినాడ, విశాఖ, నిజాంపట్నం రేవులలో ఈ చర్చ ఇంకా మొదలు కాలేదు. అది మొదలయ్యేలోగా పూర్వరంగాన్ని తెలుసుకొనడం మంచిది.

మన రాజ్యాంగం సముద్రాన్ని రెండుగా విభజించింది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 21వ అంశం ‘మత్స్యపరిశ్రమ’. కేంద్ర జాబితాలో 57వ అంశం ‘ప్రాదేశిక జలాలకు ఆవల చేపలవేట’. అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు, సుమారు 22 కిలోమీటర్ల దూరం, పెత్తనం రాష్ట్రానిది. ఆపై అంతా కేంద్రానిది. 1976లో నలభయ్యవ సవరణ ద్వారా 297వ అధికరణాన్ని మార్చి, ఆర్థిక జలాలలోని వనరులన్నీ కేంద్రానికే చెందుతాయని మరింత స్పష్టం చేశారు. అదే ఏడాది ప్రాదేశిక జలాలు, ఆర్థిక మండలం మొదలైనవాటి హద్దులను నిర్ణయిస్తూ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అయితే చేపకు ఏడవ షెడ్యూలు తెలియదు. పడవ నడిపే సరంగుకు కూడా నీటిపై గీత కనిపించదు.

రాష్ట్రాలు తమ వంతు శాసనాలను తీరికగా చేసుకొన్నవి. కేరళ, గోవా 1980 నాటికి ముందడుగు వేసినవి. తమిళనాడు 1983లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ చట్టం 1994లో వచ్చింది. పడవను నమోదు చేయించుకొనడం వేరు, వేటకు లైసెన్సు పొందడం వేరు. మొదటిది పడవ ఫలానావారిదని నిరూపించే పత్రం. రెండవది ఆ పడవతో, ఫలానా వలతో, ఫలానా జలాలలో వేటాడవచ్చునన్న అనుమతి. నియమాలను ఉల్లంఘిస్తే లైసెన్సును నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు.

రాష్ట్ర నిబంధనల ప్రకారం తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల మేర సంప్రదాయ మత్స్యకారులకు ప్రత్యేకించారు. మరపడవలు ఆ హద్దుకు ఆవలనే వేటాడవలె. ఇరవై మీటర్లకు మించిన పెద్ద నౌకలు 23 కిలోమీటర్లు దాటి వెళ్ళవలె. ఇక్కడ పాఠకులు ఒక చిత్రాన్ని గమనించగలరు. రాష్ట్రప్రభుత్వ అధికారం 22 కిలోమీటర్ల వద్ద ముగుస్తుంది. పెద్ద నౌకను 23వ కిలోమీటరుకు పంపడమంటే తన అధికార పరిధి నుంచే సాగనంపడం. అక్కడ దానిని ఎవరు అడుగుతారు? చిరకాలం ఎవరూ అడగలేదు. 1981లో పార్లమెంటు చేసిన చట్టం విదేశీ నౌకలకు మాత్రమే వర్తించింది. స్వదేశీ నౌక ఆర్థిక జలాలలో ఎంత పట్టినా, ఎలా పట్టినా నియంత్రించే సమగ్రమైన కేంద్ర నిబంధన దాదాపు అర్ధశతాబ్దం పాటు లేకపోయింది.

ఈ వెలితి న్యాయస్థానాల దాకా వెళ్ళింది. తమిళనాడు ప్రభుత్వం పర్సు వలలను నిషేధించినప్పుడు, ఆ నిషేధం 12 మైళ్ళకు ఆవల చెల్లుతుందా అన్న ప్రశ్న తలెత్తింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, ప్రాదేశిక జలాలకు ఆవల వారానికి రెండు రోజులు మాత్రమే, నమోదైన పడవలతో, పట్టపగలు వేటాడవచ్చునని షరతులు విధించింది. శాసనసభలూ పార్లమెంటూ చేయవలసిన పనిని న్యాయమూర్తులు వారాల లెక్కన చేయవలసి వచ్చిందన్నమాట.

కావున కేంద్రం నిబంధనలు తేవడం తప్పు కాదు. అవి వచ్చిన దారి మాత్రం పరిశీలించదగినది. 2021 వర్షాకాల సమావేశాల కార్యక్రమ పట్టికలో భారత సముద్ర మత్స్యపరిశ్రమ బిల్లు చేరింది. ఆర్థిక జలాలలో వేటకు లైసెన్సు, ఉల్లంఘనలకు జరిమానా అందులోని ముఖ్యాంశాలు. తీరరాష్ట్రాల నుంచీ, మత్స్యకార సంఘాల నుంచీ తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. బిల్లు సభాముఖం చూడలేదు. నాలుగేళ్ళ పిమ్మట అదే వ్యవహారం 1976 చట్టం కింద నిబంధనల రూపంలో ప్రత్యక్షమైంది. బిల్లయితే మూడు పఠనాలు, సవరణలు, ఓటింగు, అవసరమైతే స్థాయీసంఘ పరిశీలన ఉండేవి. నిబంధనలయితే గజెట్‌లో అచ్చయిన పిమ్మట సభ ముందు బల్లపై ఉంచితే చాలు. అవి అమలులోకి రావడానికి సభ్యుల ముందస్తు సమ్మతి అక్కరలేదు. అభ్యంతరమున్న సభ్యుడు నిర్ణీత వ్యవధిలో తీర్మానం తేవచ్చును. కానీ ప్రశ్నోత్తరాల సమయం ముగియగానే మంత్రులు వరుసగా లేచి బల్లపై ఉంచే కాగితాల దొంతరను తిరగవేసి చూసే సభ్యులను వేళ్ళపై లెక్కించవచ్చు.

మత్స్యకారులకు సంశయమెందుకు? వారికి లైసెన్సుల చరిత్ర జ్ఞాపకమున్నది. 1991 మార్చిలో చంద్రశేఖర్ ప్రభుత్వ కాలంలో కొత్త లోతుసముద్రపు వేట విధానాన్ని ప్రకటించారు. దానిని కొనసాగించి అమలు జరిపినది ఆ తరువాత వచ్చిన పి.వి. నరసింహారావు ప్రభుత్వం. ఉమ్మడి వ్యాపారం పేరిట విదేశీ నౌకలకు అనుమతులు ఇచ్చారు. 1994లో దేశమంతటా మత్స్యకారులు వేట మానుకొని సమ్మె చేశారు. థామస్ కొచ్చేరి నాయకత్వాన సాగిన జాతీయ మత్స్యకార్మిక వేదిక ఆందోళన, నిరాహారదీక్షలు ప్రభుత్వాన్ని కదిలించినవి. పి. మురారి అధ్యక్షతన నియమితమైన సంఘం 1996లో నివేదిక ఇస్తూ, ఆ లైసెన్సులను రద్దు చేయమనీ, కొత్తవి ఇవ్వవద్దనీ సిఫార్సు చేసింది. అటుపిమ్మట 2002 ప్రాంతంలో ‘అనుమతి లేఖ’ అన్న మరొక పేరుతో పెద్ద నౌకలకు దారి ఏర్పడింది. 2014లో మీనాకుమారి సంఘం నివేదికపై మళ్ళీ గొడవ చెలరేగింది. చివరకు 2017 ఆరంభంలో అనుమతి లేఖల పద్ధతికి స్వస్తి చెప్పారు. విధానం మారిన ప్రతిసారీ కాగితం పేరు కూడా మారింది. అందుచేత కొత్త పేరు వినగానే తీరవాసి ముందుగా అనుమానిస్తాడు. అది అజ్ఞానం కాదు, మూడున్నర దశాబ్దాల అనుభవం.

ఇక రుసుము సంగతి. పన్నుకూ రుసుముకూ భేదాన్ని సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరించింది. పన్ను ఖజానాకు చెందుతుంది. ప్రభుత్వం చేసే ప్రత్యేక సేవకు ప్రతిఫలంగా తీసుకొనేది రుసుము. ఈ సేవకూ సొమ్ముకూ నడుమ అణాపైసల లెక్క సరిపోనక్కరలేదనీ, స్థూలమైన సంబంధముంటే చాలుననీ 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో అదే న్యాయస్థానం సడలించింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ మార్కెట్ కమిటీల రుసుముకు సంబంధించినదని మన రైతులలో కొందరికైనా గుర్తుండవచ్చు. మత్స్యకారుడి విషయంలో స్థూలసంబంధమైనా ఉన్నదా? అతడు చెల్లించిన లైసెన్సు రుసుము రేవు బాగుకో, చేపపిల్లల రక్షణకో వినియోగమైనదని చెప్పే లెక్కను రేవులో గోడకు అంటించగా నేను ఎన్నడూ చూడలేదు.

ఈ విషయంలో అమెరికా పద్ధతిని ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారు సెలవు దినాన గాలం పట్టుకొని సరస్సుకు వెళ్ళాలంటే ఆ రాష్ట్రపు వేట లైసెన్సు కొనవలె. ఆ రాష్ట్ర నివాసికి ఒక ధర, పరాయి రాష్ట్రంవాడికి అంతకు మించిన ధర. అక్కడ అది వినోదం, ఇక్కడ జీవనాధారం. కనుక ఆ రెండింటినీ ఒక త్రాసులో తూచలేము. అయితే ఒక్క అంశం గ్రహించదగినది. 1950లో అక్కడి కాంగ్రెసు చేసిన డింగెల్–జాన్సన్ చట్టం ప్రకారం, లైసెన్సుల సొమ్మును మత్స్యశాఖ పనులకు తప్ప మరి దేనికీ మళ్ళించని రాష్ట్రానికే కేంద్ర సహాయం అందుతుంది. ఆ సహాయం పంపిణీలో 60 శాతం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి, 40 శాతం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి జరుగుతుంది. లైసెన్సు కొన్న మనిషి ఆ విధంగా లెక్కలోకి వస్తాడు. అతని డాలరు ఎక్కడికి పోయినదో అడిగే హక్కు అతనికి ఉంటుంది.

మన తీరంలో లైసెన్సు ధరకంటే దాని చుట్టూ అల్లుకొన్న ఖర్చు అధికం. పడవ నమోదు 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద సాగుతూ వచ్చింది. దాని స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టాన్ని ఆమోదించింది. నమోదు పత్రం, రాష్ట్ర లైసెన్సు, దాని పునరుద్ధరణ, పడవకు నిర్ణీతమైన రంగు, మనుషులకు గుర్తింపు కార్డులు, బీమా, ఇవన్నీ ఉండవలె. 2008 నవంబరులో ముష్కరులు సముద్రమార్గాన వచ్చి బొంబాయిపై విరుచుకుపడిన నాటి నుంచి వీటిలో చాలాభాగం భద్రతా వ్యవహారంగా మారింది. వేట అనుమతి చూపవలసినవాడు ఇప్పుడు మత్స్యశాఖకూ, మెరైన్ పోలీసులకూ, కోస్తాగార్డుకూ కూడా జవాబు చెప్పవలె. 2024 ఆగస్టులో కేంద్రం రూ. 364 కోట్లతో లక్ష పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని ప్రారంభించింది. తుపాను హెచ్చరిక నడిసముద్రానికి చేరగలగడం వల్ల ప్రాణాలు దక్కుతాయి. ఇది నిస్సందేహంగా మేలు. అదే యంత్రం పడవ ఎక్కడ ఉన్నదీ అధికారులకు చెబుతుందన్నదీ నిజమే.

పనిమీద ఢిల్లీ వచ్చిన కాకినాడ మరపడవ యజమాని ఒకరిని నేను ఖర్చు సంగతి అడిగితే, ‘‘కాగితానికి కట్టేది పెద్ద లెక్క కాదండి. దానికోసం తిరిగే రోజులే లెక్కండి. పడవ ఒడ్డున ఉంటే కళాసీలకు బత్తా ఇవ్వాలి గదండి. అయినా కాగితం లేకపోతే ఆయిలు రాయితీ ఎవరిస్తారండి?’’ అన్నారు. ఆ చివరి మాటలోనే విషయమంతా ఉన్నది. 2019 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పడవల డీజిలుపై రాయితీ లీటరుకు రూ. 6.03 నుంచి రూ. 9కి పెరిగింది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలపు భృతి 2019లో రూ. 10 వేలు కాగా, 2025లో దానిని రూ. 20 వేలు చేశారు. ఇవన్నీ నమోదైన పడవకూ, జాబితాకెక్కిన మనిషికీ అందుతాయి. లైసెన్సు లేని పడవకు సముద్రం ఎటూ మూతబడదు. కానీ ప్రభుత్వం మూతబడుతుంది. లైసెన్సు పొందడానికయ్యే ఖర్చు కంటే లేకపోవడం వల్ల కలిగే నష్టం పెద్దదన్నది ఇందువల్లనే.

కాగితమున్నంత మాత్రాన కలహం తీరుతుందా అంటే అదీ లేదు. 2022 జనవరిలో విశాఖ తీరాన రింగు వలల విషయమై జాలరి పేటల నడుమ ఘర్షణ చెలరేగి పడవలు దగ్ధమైనవి. ఉభయపక్షాలూ మత్స్యకారులే, ఇరుగుపొరుగువారే. ఎనిమిది కిలోమీటర్ల లోపల ఆ వల వేయరాదని ఒకరు, దూరంగానే వేస్తున్నామని ఒకరు. నీటిమీద కొలబద్ద పట్టుకొని నిలబడవలసినవాడు ప్రభుత్వోద్యోగి. గస్తీపడవా, సిబ్బందీ చాలినంతగా లేనిచోట లైసెన్సులోని షరతు ఉత్త అక్షరంగా మిగిలిపోతుంది. ఆ అక్షరాన్ని బలవంతుడు ఒకరీతిగా, బలహీనుడు ఒకరీతిగా చదువుకొంటారు.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం వేరొకటి ఉన్నది. లైసెన్సు పడవ యజమాని పేర ఉంటుంది. సముద్రంలో ప్రాణం పణంగా పెట్టే కూలి పేర ఉండదు. శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు ఏటా వందల మైళ్ళ దూరాన ఉన్న గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలసపోయి అక్కడి పడవలలో పనిచేస్తారు. సొంత తీరంలో సరైన రేవు లేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. 2018 నవంబరులో అటువంటి పడవలను పాకిస్తాన్ భద్రతాసిబ్బంది పట్టుకొన్నారు. మన ఉత్తరాంధ్రకు చెందిన 22 మంది చెరలో పడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటిముఖం చూశారు. పద్నాలుగు నెలల ఆ చెరకు ఏ లైసెన్సు రుసుములోనూ లెక్కలేదు. పడవ గుజరాత్‌ది, వేట హద్దు దాటినది ఎవరి ఆజ్ఞతోనో, జైలు మాత్రం శ్రీకాకుళం బిడ్డది. నౌక కదలికలను గుర్తించే యంత్రాంగానికి కోట్లు వెచ్చించగలిగిన ప్రభుత్వం, లైసెన్సుకు అనుబంధంగా కళాసీల జాబితా, వారి కూలి ఒప్పందం, స్వరాష్ట్రానికి సమాచారం, ఈ మూడింటినీ తప్పనిసరి చేయలేదా?

దక్షిణాన పాక్ జలసంధిలో ఇదే సమస్య మరొక రూపంలో ఉన్నది. 1974లో కచ్చతీవు విషయమై ఒప్పందం జరిగింది. 1976 మార్చిలో ఇందియా, శ్రీలంక పరస్పరం లేఖలు మార్చుకొంటూ, స్పష్టమైన అనుమతి లేనిదే ఒకరి జలాలలో మరొకరు వేటాడరాదని అంగీకరించినవి. ఆ వాక్యంలో అనుమతికి తావున్నది. అయినా రామేశ్వరం జాలరికి అట్టి అనుమతి నేటికీ దక్కలేదు. శ్రీలంక 2017లో అడుగువల వేటను నిషేధించింది. 2018లో విదేశీ పడవలపై జరిమానాను పెంచి, పెద్ద పడవలకు వారి రూపాయలలో 17.5 కోట్ల వరకు విధించేలా చట్టాన్ని సవరించింది. అంతర్యుద్ధం ముగిసి సముద్రానికి తిరిగి వచ్చిన జాఫ్నా తమిళ జాలరి, మన మరపడవలు తన వలలను చింపుతున్నవని మొర పెడుతున్నాడు. ఉభయతీరాలా తమిళులే అయినప్పుడు కూడా కడుపుకోత ఒకటి కాలేదు. ఇక్కడ లైసెన్సు అన్నది రెండు ప్రభుత్వాలు కలిసి ఇవ్వవలసిన వస్తువు. ఒక ప్రభుత్వం ఉచితంగా పంచగలది కాదు.

అంతర్జాతీయ రంగంలో కూడా ఈ కాగితానికి కొత్త విలువ ఏర్పడుతున్నది. 2022 జూన్‌లో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఆమోదించిన మత్స్య సబ్సిడీల ఒప్పందం 2025 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. అక్రమవేటకూ, నియంత్రణ లేని వేటకూ సబ్సిడీ ఇవ్వరాదన్నది దాని సారాంశం. సముద్రాలను ఖాళీచేసిన సంపన్న దేశాలే ముందుగా బాధ్యత వహించవలెననీ, వర్ధమాన దేశాలకు 25 సంవత్సరాల వ్యవధి కావలెననీ మన ప్రతినిధులు వాదిస్తూ వచ్చారు. వాదం న్యాయమైనదే. ఐతే మా వేట క్రమబద్ధమైనదని రేపు జెనీవాలో చెప్పవలెనంటే ఇక్కడ లెక్క పక్కాగా ఉండవలె. ఎన్ని పడవలు, ఎవరి పడవలు, ఎంత పట్టినవి అన్న ప్రశ్నకు జవాబు లైసెన్సు రిజిస్టరులోనే దొరుకుతుంది. కేంద్రం తొందరలో ఈ అవసరానికి కూడా పాలు ఉండవచ్చు.

సముద్రం లేని తెలంగాణకు ఇది పరాయి వ్యవహారం కాదు. నాగార్జునసాగర్ వంటి జలాశయాలలో వ్యక్తిగత లైసెన్సుతో, ఊరి చెరువులలో సంఘం పేర కౌలుతో వేట సాగుతుంది. పెద్ద చెరువులను బహిరంగ వేలానికి పెట్టదలచిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు 217వ నంబరు ఉత్తర్వు ఎంత అలజడి రేపినదీ, తరువాతి ప్రభుత్వం దానిని రద్దు చేయవలసి రావడమూ పాఠకులకు విదితమే. ఎక్కువ సొమ్ము ఇచ్చినవాడికి నీటిని అప్పగిస్తే ఖజానాకు లాభం రావచ్చు. కానీ తరతరాలుగా ఆ నీటిని నమ్ముకొన్నవాడు గట్టుమీద కూలివాడుగా మిగులుతాడు. చెరువుకు వర్తించే ఈ న్యాయం ఆర్థిక జలాలకూ వర్తిస్తుంది.

కొత్త నిబంధనలను తోసిపుచ్చమని నేను చెప్పను. జంటపడవల అడుగువల వేటనూ, విద్యుద్దీపాల వెలుగులో సాగించే వేటనూ నిషేధించడం హర్షణీయం. సహకార సంఘాలకు ప్రాధాన్యమన్న మాట మంచిమాట. కానీ లోతుసముద్రానికి వెళ్ళగల పడవకు కావలసిన పెట్టుబడి ఏ జాలరిపేట సంఘం వద్ద ఉన్నది? నడిసముద్రంలో చిన్నపడవల చేపను అందుకొనే తల్లినౌకలకు కూడా నిబంధనలు చోటిచ్చినవి. ఆ నౌకను కొనగలిగినవాడు సంఘం ముసుగులో ఎవరైనా కావచ్చు. పాసు ఉచితమైనంత మాత్రాన ప్రవేశం ఉచితం కాదు. సంప్రదాయ మత్స్యకారుడికి పాసు అక్కరలేదన్న మినహాయింపు నేడు రాయితీ. రేపు ఆ జలాలలో వాటాలు పంచే రోజు వస్తే, చేత కాగితం లేనివాడి హక్కుకు సాక్ష్యమేమిటన్న ప్రశ్న వచ్చి తీరుతుంది.

అందుచేత మన సభ్యులు చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. సబార్డినేట్ శాసనాల సంఘం ఈ నిబంధనలను పిలిపించుకొని తీరరాష్ట్రాల వాదన వినవచ్చు. ఎన్ని పాసులు ఎవరికి ఇచ్చారో, వాటిలో సంఘాలవి ఎన్ని, సొంతదారులవి ఎన్ని అన్న వివరాన్ని ప్రతి సమావేశంలోనూ సభకు సమర్పించవలెనని కోరవచ్చు. రాష్ట్ర శాసనసభ్యులు లైసెన్సు రుసుము జమాఖర్చులను రేవులవారీగా అడగవచ్చు. పాసు మినహాయింపు పొందిన చిన్న పడవలకు కూడా ఉచితంగా నమోదుపత్రం చేతికివ్వమని పట్టుబట్టవచ్చు. 2019లో మత్స్యపరిశ్రమ, పశుసంవర్ధకం, పాడిపరిశ్రమలకు కలిపి ఏర్పరచిన మంత్రిత్వశాఖను ఈ నాలుగు ప్రశ్నలు వేయడానికి సభ్యులు వెనుదీయరాదు. జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగియగానే తూర్పుతీరంలోని పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళతాయి. ఆ సరంగు జేబులో ఉన్న కాగితం అతనికి హక్కు ఇస్తున్నదా, లేక అతనిపై నిఘా మాత్రమే వేస్తున్నదా అన్నది తేల్చవలసిన చోటు పార్లమెంటు. అక్కడ అది ఇంకా చర్చకు రావలసి ఉన్నది.